చిన్న వ్యాపారాల పథకాలపై అభిప్రాయ సేకరణ: సమావేశానికి వెళ్లి ఏం అడగాలి?

బాలానగర్_లేత్
వచ్చే వారం హైదరాబాద్‌లో మా ప్రాంతంలోని చిన్న పరిశ్రమల వారితోనూ దుకాణదారులతోనూ స్థానిక అధికారులు ఒక అభిప్రాయ సేకరణ సమావేశం పెడుతున్నారు. ముందుగా నింపి పంపమని ఒక ఫారం ఇచ్చారు. అప్పు కావాలా, శిక్షణ కావాలా, ఏయే పథకాల పేర్లు విన్నారు అన్నవే అందులోని ప్రశ్నలు. నేను కిరాయి షెడ్డులో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్, ఒక పాత సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) పెట్టుకుని జాబ్ వర్క్, అంటే ఇతరులు తెచ్చిన పని కూలికి చేసేవాణ్ని. నాకు అప్పు అక్కర్లేదు. వచ్చే ఏడాదికి ఈ షెడ్డు నా చేతిలో ఉంటుందా, యజమాని ఖాళీ చేయమంటాడా అన్నదే నా దిగులు. ఆ సంగతి రాయడానికి ఫారంలో చోటు లేదు; చివరన ‘ఇతర సూచనలు’ అని ఒక్క గీత మాత్రం గీశారు. ఇంతకు ముందు ఇలాంటి సమావేశానికే వెళితే సంఘాల పెద్దలు మాట్లాడారు, టీ ఇచ్చారు, ఫొటో దిగారు, అక్కడ చెప్పిన మాటలు ఏ ఫైలులో చేరాయో ఈనాటికీ తెలియదు. ఈసారి వెళ్లడం దండగా? వెళితే ఏ విషయం మీద పట్టుబట్టాలి?

కాటేదాన్_ప్లాస్టిక్
తప్పకుండా వెళ్లండి. మీరు వెళ్లకపోతే ‘ఎవరూ అభ్యంతరం తెలపలేదు’ అని మినిట్స్‌లో రాసుకుంటారు.

సుల్తాన్‌బజార్_దుకాణం
వెళ్లినా అదే రాసుకుంటారు. మా దుకాణాల వైపు నుంచి రెండు సంగతులు చెబుతాను. చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, లాభాలన్నీ వస్తాయని శిబిరాలు పెట్టి మరీ చెప్పారు. 2021 జులైలో చిల్లర, టోకు వ్యాపారులను ఎంఎస్ఎంఈల్లో (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో) చేర్చిన మాట నిజమే కానీ, ఆ చేర్పు బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. రావలసిన డబ్బు ఆలస్యమైతే వడ్డీతో రాబట్టుకునే హక్కు మాకు రాదు. ఆ మాట శిబిరంలో ఎవరూ చెప్పలేదు. రెండోది ట్రేడ్ లైసెన్సు. దాని ఫీజును దుకాణం వైశాల్యాన్నీ ముందున్న రోడ్డు వెడల్పునూ బట్టి లెక్కగడతారు. మా ముందు రోడ్డు వెడల్పయింది, దానితో పార్కింగ్ పోయింది, దానితో బేరం తగ్గింది, ఫీజు మాత్రం వెడల్పాటి రోడ్డు లెక్కన పెరిగింది. ఈ లెక్క సబబేనా అని ఏ అభిప్రాయ సేకరణలోనూ మమ్మల్ని అడగలేదు. తాము మార్చదలచుకోని వాటి గురించి వారు అడగరు.

విశ్రాంత_గుమాస్తా
పైన సుల్తాన్‌బజార్ గారు రాసిన చివరి వాక్యంతో నేను సగమే ఏకీభవిస్తాను. అభిప్రాయ సేకరణ పేరుతో జరిగేవన్నీ ఒకే తీరులో ఉండవు. విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణకు ఒకసారి వెళ్లి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, తమకు ఎంత ఆదాయం కావాలో, ఏ వర్గం వినియోగదారుల మీద ఎంత వేయదలచుకున్నాయో ముందుగా పత్రికల్లోనూ వెబ్‌సైట్‌లోనూ ప్రకటించాలి. గడువులోగా ఎవరైనా, వకీలు అవసరం లేకుండానే, అభ్యంతరం రాసి పంపవచ్చు. దానికి డిస్కం రాతపూర్వకంగా బదులు ఇవ్వాలి. ఆ తరువాత విచారణలో పేరు పిలిచి మాట్లాడనిస్తారు. నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనది తుది ఉత్తర్వు. ఫలానా వారు ఇలా అన్నారు, డిస్కం ఇలా బదులిచ్చింది, మండలి అభిప్రాయం ఇది అని ఒకదాని కింద ఒకటి అందులో అచ్చవుతాయి. మన మాటను ఒప్పుకోకపోయినా, ఎందుకు ఒప్పుకోలేదో కాగితం మీద ఉంటుంది.

2024 సంగతే చూడండి. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాటుకు 10 రూపాయల నుంచి 50 రూపాయలకు పెంచాలనీ, 11 కేవీ, 33 కేవీ, 132 కేవీ ఓల్టేజీల్లో కరెంటు తీసుకునే పరిశ్రమలన్నిటికీ ఒకే ధర పెట్టాలనీ డిస్కంలు అడిగాయి. అభ్యంతరాలు విన్నాక అక్టోబరు చివర వచ్చిన ఉత్తర్వులో మండలి ఆ రెండింటినీ తోసిపుచ్చింది. అభ్యంతరాల వల్లనే ఆగిందని నేను అనను, కానీ వాటిని పక్కన పెట్టి ఉత్తర్వు రాయడం ఆ పద్ధతిలో కుదరదు.

కాబట్టి బాలానగర్ గారూ, మీరు పథకాన్ని అడగకండి. ‘నేను ఇచ్చిన సూచనకు మీ జవాబు ఏమిటో రాసి ప్రకటించండి’ అని అడగండి.

మిర్చిబజ్జీ_ప్రియుడు
జవాబు సంగతి అలా ఉంచండి, సమావేశంలో టీతో పాటు బజ్జీ ఉంటుందా?

తోపుడుబండి_తరఫున
ఉంటుంది. వీధి వ్యాపారుల క్రమబద్ధీకరణ గురించి చర్చించే సమావేశానికి గుర్తింపు కార్డు లేని బండి నుంచి బజ్జీలు తెప్పించిన సందర్భాన్ని నేను కళ్లారా చూశాను.

చట్టం_చదువరి
విశ్రాంత_గుమాస్తా గారి ఉదాహరణ బాగుంది గానీ ఒక తేడా గమనించాలి. విద్యుత్ మండలి ప్రజల అభ్యంతరాలను వినడం మర్యాద కోసం కాదు. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం వాటిని పరిశీలించాకే టారిఫ్ ఉత్తర్వు ఇవ్వాలి. స్థానిక సంస్థ పెట్టే ఈ సమావేశానికి అలాంటి కట్టుబాటు లేదు. అంతమాత్రాన చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4(1)(సి) ప్రకారం, ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్య విధానాలను రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలను అధికారులు తామే ప్రచురించాలి. 4(1)(డి) ప్రకారం తమ నిర్ణయానికి కారణాలను బాధితులకు చెప్పాలి. చాలామంది ఈ చట్టాన్ని దరఖాస్తు పెట్టి కాగితాలు తెచ్చుకోవడానికే వాడుతున్నారు, నాలుగో సెక్షన్‌ను పట్టించుకోవడం లేదు. ఇక మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది. మీ వార్డు కమిటీ సభ్యులెవరో మీకు తెలుసా?

బాలానగర్_లేత్
తెలియదు. కమిటీ ఉందన్న సంగతే ఇప్పుడు వింటున్నాను.

సుల్తాన్‌బజార్_దుకాణం
చట్టం ఉంటే సరిపోతుందని చదువరి గారు అనుకుంటున్నట్టున్నారు. వీధి వ్యాపారులకు ప్రత్యేకంగా చట్టమే ఉంది. వారికి ఏం ఒరిగిందో తోపుడుబండి గారినే చెప్పమనండి.

తోపుడుబండి_తరఫున
ఏమీ ఒరగలేదంటే అబద్ధమవుతుంది, అంతా ఒరిగిందన్నా అబద్ధమే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తరువాతైనా 30 రోజుల నోటీసు లేకుండా తొలగించకూడదు. చిన్నవారి మాటను ఇంత గట్టిగా చట్టంలో రాసిన సందర్భాలు మన దేశంలో తక్కువ. అయితే ఎర్ర (అమ్మకూడని), పసుపు (షరతులతో అమ్మదగ్గ), ఆకుపచ్చ (స్వేచ్ఛగా అమ్మదగ్గ) జోన్లు గీసేటప్పుడు గీత ఎక్కడ పడాలన్నది ట్రాఫిక్ వారు, ఇంజినీర్లు కలిసి తేల్చేసి, తయారైన పటాన్ని కమిటీ ముందు పెడితే 40 శాతం ఉండి చేసేదేమిటి? సాయంత్రం ఆరు నుంచి పది వరకు మాత్రమే బేరం ఉండే చోటు ఒకటి, పొద్దున్నే కూరగాయలు దిగే చోటు ఇంకొకటి. పటం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంకో సంగతి. 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి పథకం కింద మొదట పదివేలు, అది తీరిస్తే ఇరవై, ఆపైన యాభై వేల అప్పు ఇచ్చారు. 2025లో మొదటి రెండు విడతలను 15,000కూ 25,000కూ పెంచారు. మా వాళ్లలో చాలామంది ఆ అప్పుతో వడ్డీ వ్యాపారుల నుంచి బయటపడ్డారు, ఆ మేలును తక్కువ చేయను. కానీ అప్పు ఇచ్చిన వ్యవస్థే మరునాడు వచ్చి బండిని ఎత్తుకుపోతే వాయిదా ఎలా కట్టాలి? డబ్బు ఇచ్చే శాఖ, చోటు చూపే శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలన్నది మా తరఫు సూచన.

చెర్లపల్లి_డైస్
బాలానగర్ గారి అసలు బాధ షెడ్డు గురించి, మనం దాని నుంచి పక్కకు వెళుతున్నాం. ఫారంలో ‘వైవిధ్యీకరణ’ అన్న ప్రశ్న కూడా ఉండే ఉంటుంది. కొత్త రంగాల్లోకి వెళ్లడానికి మీకేం కావాలి అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు ఈ నగరంలోని పారిశ్రామికవాడలే జవాబు.

బాలానగర్, సనత్‌నగర్, చెర్లపల్లి వర్క్‌షాపులు ఒకప్పుడు ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఆల్విన్, ప్రాగా టూల్స్, ఈసీఐఎల్, బీహెచ్ఈఎల్ వంటి పెద్ద సంస్థల ఆర్డర్ల మీద బతికాయి. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968లో బాలానగర్‌లోనే వచ్చింది. ఆ పెద్ద సంస్థల్లో కొన్ని మూతపడి, కొన్ని చిక్కిపోయినప్పుడు ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన షెడ్లు ముందుగా తాళాలు వేసుకున్నాయి. మా నాన్నగారు ఒక ప్రభుత్వ సంస్థకు ఫిక్చర్లు (పని చేసే భాగాన్ని కదలకుండా పట్టే చట్రాలు) చేసేవారు. ఆర్డర్లు ఆగాక టాబ్లెట్లు అచ్చుగుద్దే పంచ్‌లు, డైల వైపు మళ్లారు. నగరం చుట్టూ మందుల కంపెనీలు ఉండటం వల్ల అది నిలిచింది. ఇప్పుడు నేను విమాన భాగాలకు గేజ్‌లు (కొలత సరిచూసే పరికరాలు) కూడా చేస్తున్నాను. ఇదంతా ఏ పథకం కింద జరిగిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాడు పక్క వీధిలో, ప్లేటింగ్ ఇంకో వీధిలో, గ్రైండింగ్ ఎదురుగా ఉండటం వల్ల జరిగింది. కొత్త డ్రాయింగ్ వచ్చినప్పుడు ‘ఇది చేయగలమా’ అని అడగడానికి నలుగురు అనుభవజ్ఞులు నడిచి వెళ్లే దూరంలో ఉన్నారు. కొత్త రంగంలోకి వెళ్లడమంటే కొత్త మిషన్ కొనడమే అనుకుంటారు. మిషన్ కోసం అప్పు దొరుకుతుంది, ఈ ఇరుగుపొరుగు దొరకదు.

అందుకే షెడ్ల విషయంలో నాకూ భయమే. 2025 నవంబరులో వచ్చిన హిల్ట్ (హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి) విధానం 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాలను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునే వీలు కల్పించింది. రోడ్డు వెడల్పును బట్టి స్థలం విలువలో 30 శాతమో 50 శాతమో రుసుము కడితే చాలు. దరఖాస్తు చేసేది స్థల యజమాని. లోపల లేత్ తిప్పేది కిరాయిదారు.

సనత్‌నగర్_ప్లాటు
ఇక్కడ యజమాని పక్షాన మాట్లాడేవారు ఒక్కరైనా ఉండాలి కాబట్టి నేను రాస్తున్నాను. మా నాన్నగారి కాలంలో ఈ వాడలు ఊరి చివర ఉండేవి. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు వచ్చాయి. రాత్రి ప్రెస్ (లోహాన్ని అచ్చుకొట్టే యంత్రం) నడిపితే ఫిర్యాదు, పొగ వస్తే ఫిర్యాదు, లారీ ఆపితే ఫిర్యాదు. నా పిల్లలకు పరిశ్రమ నడిపే ఉద్దేశం లేదు. కిరాయితో వచ్చేది ఆస్తి పన్నుకూ మరమ్మతులకూ సరిపోతోంది. నా స్థలాన్ని చట్టప్రకారం రుసుము కట్టి మార్చుకుంటానంటే, జాబ్ వర్క్ షాపుల మనుగడ కోసం నన్ను ఆగమనడం న్యాయమేనా? నగరం నడిబొడ్డున కాలుష్య పరిశ్రమలు ఉండకూడదని నిన్నటిదాకా రాసినవారే నేడు వాటిని కదపవద్దంటున్నారు.

బాలానగర్_లేత్
మీరు అన్నదాంట్లో న్యాయం ఉంది, ముఖ్యంగా ఫిర్యాదుల సంగతి. నేను మిమ్మల్ని ఆగమనడం లేదు. మార్చే ముందు ఆ స్థలంలో ఎవరు పని చేస్తున్నారో లెక్క రాయమనీ, వెళ్లడానికి తగిన వ్యవధి ఇవ్వమనీ మాత్రమే అడుగుతున్నాను. నా దగ్గర ఉన్నది పదకొండు నెలల కిరాయి ఒప్పందం. ప్రభుత్వ దస్తావేజుల్లో ఆ షెడ్డు మీ వంటి యజమాని పేరున ఉంటుంది. దానిలో ఒక వర్క్‌షాపు ఉందన్న సంగతి వారికి కనిపించదు.

చట్టం_చదువరి
ఇది గట్టి అంశం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఫ్లైఓవర్ కోసమో మెట్రో కోసమో ప్రభుత్వమే భూమిని సేకరిస్తే, అంతకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ దాని మీదే జీవనం సాగిస్తున్న కిరాయిదారులను కూడా ప్రభావిత కుటుంబాలుగా లెక్కించాలి. భూ వినియోగ మార్పిడి భూసేకరణ కాదు, యజమాని తనంతట తాను చేసుకునేది. అందువల్ల ఆ రక్షణ ఇక్కడ వర్తించదు. రెండు సందర్భాల్లోనూ కిరాయిదారు నష్టం ఒకటే అయినా ఒకదానిలో అతను చట్టానికి కనిపిస్తాడు, రెండోదానిలో కనిపించడు.

కాటేదాన్_ప్లాస్టిక్
వెళ్లడానికి చోటు లేదనడం కూడా పూర్తిగా సరికాదు. దండుమల్కాపూర్‌లో చిన్న పరిశ్రమల కోసమే పెద్ద పార్కు కట్టారు, 2019 నవంబరులో ప్రారంభమైంది. మావాళ్లు కొందరు వెళ్లారు, రోడ్లు, కరెంటు బాగున్నాయంటున్నారు.

చెర్లపల్లి_డైస్
ప్లాటు కొనగలిగినవారికి, సొంత సరుకు తయారుచేసి లారీలో పంపేవారికి అది మంచిదే. సైకిల్ మీద నాలుగు షాఫ్టులు పెట్టుకుని వచ్చి ‘సాయంత్రానికి కావాలి’ అనే గిరాకీ మీద బతికే జాబ్ వర్క్ వాణ్ని విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దాకా పొమ్మంటే అతనితో ఆ సైకిల్ రాదు. మీ ప్లాస్టిక్‌కూ మా లేత్‌కూ ఒకే మందు పనిచేయదు, ఫారం మాత్రం ఇద్దరికీ ఒకటే.

విశ్రాంత_గుమాస్తా
దీనికి మధ్యేమార్గంగా అంతస్తుల పారిశ్రామిక భవనాలు ఉన్నాయి. ఢిల్లీలో ఝండేవాలాన్ దగ్గర దశాబ్దాల క్రితమే అలాంటి సముదాయం కట్టారు. మార్పిడి రుసుములో కొంత భాగాన్ని పక్కన పెట్టి అదే వాడలో ఇలాంటి భవనం కట్టి కిరాయికి ఇమ్మని అడగవచ్చు.

చెర్లపల్లి_డైస్
అసెంబ్లీ పని, చిన్న లేత్‌లు పై అంతస్తుల్లో పెట్టవచ్చు. ప్రెస్‌లు, సర్ఫేస్ గ్రైండర్లు నేల మీదే ఉండాలి. కింద ప్రెస్ దెబ్బ పడుతుంటే పైన మైక్రాన్ల పని సాగదు. అడిగేటప్పుడు ఈ మాట కూడా రాయండి, లేకపోతే ఆఫీసులకు కట్టినట్టు కట్టి ఇస్తారు.

నాచారం_పచ్చళ్లు
ఇంతసేపూ ఇనుము గురించే మాట్లాడుకుంటున్నారు, మా సంగతి కూడా వినండి. నేను ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాను. సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం కింద యంత్రాలకు 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల వరకు సబ్సిడీ ఉందని తెలిసి వెళ్లాను. పథకం మంచిదే, ఇచ్చేవారు కూడా మర్యాదగానే మాట్లాడారు. అయితే గ్రైండర్ పెద్దది పెట్టగానే ఇది వ్యాపారమన్నారు, కరెంటు మీటరు వర్గం మార్చుకోవాలన్నారు, ఆ భాగానికి ఆస్తి పన్ను వాణిజ్య లెక్కన పడుతుందన్నారు. ఇంటి యజమానికి ఆ మాట చేరితే ముందు నన్ను ఖాళీ చేయమంటారు. ఒక శాఖ పెద్దవి కమ్మని ప్రోత్సహిస్తుంటే మిగతా శాఖలు పెద్దవి అయినందుకు బిల్లు వేస్తున్నాయి. అందుకే మాలో చాలామంది ఆడవాళ్లు చిన్న గ్రైండర్‌తోనే ఆగిపోయారు. మాకు కావలసింది కాలనీకి ఒక ఉమ్మడి వంటశాల లాంటి షెడ్డు, గంటల లెక్కన కిరాయికి.

ఇంకొకటి, ఈ సమావేశాలు ఎప్పుడూ పనిరోజున పదకొండు గంటలకే ఎందుకు పెడతారు? అది మాకు ఎండలో సరుకు ఆరబెట్టుకునే వేళ, కొట్టు వారికి బేరం వేళ, షెడ్డు వారికి షిఫ్టు వేళ. ఆ సమయంలో తీరిక ఉండేది సంఘాల అధ్యక్షులకే.

మిర్చిబజ్జీ_ప్రియుడు
అందుకే వారు అధ్యక్షులయ్యారు.

సుల్తాన్‌బజార్_దుకాణం
సరే, నేను కొంచెం మెత్తబడ్డాను. బకాయిల సంగతి కూడా చేర్చండి. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. మాకు ఆ హక్కు లేకపోయినా మీకు ఉంది కదా, మీరైనా వాడుకుంటున్నారా?

బాలానగర్_లేత్
హక్కు ఉంది, ధైర్యం లేదు. ఇలాంటి బకాయిలను విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేస్తే ఆ బకాయి రావచ్చు, ఆ తరువాత ఆ గిరాకీ రాడు. పేరు బయటపెట్టకుండా సంఘం తరఫున ఫిర్యాదు తీసుకునే పద్ధతి ఉంటే చాలామంది ముందుకు వస్తారు. కానీ ఇది స్థానిక అధికారుల చేతిలోది కాదు కాబట్టి ఈ సమావేశంలో ఎత్తను. మూడు అంశాలే రాస్తున్నాను, చూసి చెప్పండి. మొదటిది, వచ్చిన ప్రతి సూచనకూ వరుస సంఖ్య వేసి, ఒప్పుకున్నారో లేదో, లేకపోతే ఎందుకో రాసి, వెబ్‌సైట్‌లో పెట్టాలి. రెండోది, పారిశ్రామిక స్థలం మార్పిడి దరఖాస్తు వచ్చినప్పుడు అక్కడ పనిచేస్తున్న కిరాయి యూనిట్లను లెక్కించి, కనీసం ఏడాది వ్యవధి ఇచ్చి, వచ్చిన రుసుములో కొంత అదే వాడలో కిరాయి షెడ్లకు, నాచారం గారు అడిగిన ఉమ్మడి వంటశాలలకు కేటాయించాలి. మూడోది, సమావేశాలు సాయంత్రం ఏడు తరువాత గానీ ఆదివారం గానీ వార్డుల వారీగా పెట్టాలి, వీధి వ్యాపారుల జోన్ల పటాన్ని గీయకముందే అక్కడికి తేవాలి.

విశ్రాంత_గుమాస్తా
బాగుంది. ఫారం చివరి గీత మీద ‘జతపరిచిన లేఖ చూడగలరు’ అని మాత్రమే రాయండి. లేఖను రెండు ప్రతులు తీసి, ఒకటి ఇన్‌వర్డ్‌లో (వచ్చిన కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి వెనకాడితే స్పీడ్ పోస్టులో పంపండి. నెల దాటాక ఆ నంబరు రాసి, దాని మీద తీసుకున్న చర్య ఏమిటని సమాచార హక్కు కింద అడగడం తేలిక. ప్రజావాణిలో ఇవ్వమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. అది ఒక్కొక్కరి ఫిర్యాదులకు ఉద్దేశించింది, విధానం మీద సూచన అక్కడ ఫిర్యాదుగా మూతపడుతుంది.

తోపుడుబండి_తరఫున
మూడో అంశం మీద మావాళ్లు సంతకాలు పెడతారు. పటం మాట తీసేయకండి.

నాచారం_పచ్చళ్లు
నా పేరు రాయండి, చిరునామా మాత్రం రాయకండి.

సనత్‌నగర్_ప్లాటు
మొదటి, మూడో అంశాల కింద నా సంతకం కూడా తీసుకోండి. రెండోదానిలో లెక్కించడానికి ఒప్పుకుంటాను, ఏడాది వ్యవధికి ఒప్పుకోను. ఆరు నెలలు అయితే మాట్లాడవచ్చు. ఆ అభిప్రాయభేదాన్ని కూడా లేఖలోనే రాయండి, అక్కడ నేనే వచ్చి చెబుతాను.